బంటు రెండడుగులు వేసిన నాడు

చదరంగపు బల్లపై బంటు మొదటి ఎత్తున ఒక గడి కదలవలెనా, రెండు గడులు కదలవచ్చునా? ప్రశ్న చిన్నది. కాని దీనికి వచ్చు సమాధానమును బట్టి, బల్లముందు కూర్చున్న మనిషి ఏ తరమువాడో, ఎవరి యొద్ద ఆట నేర్చెనో చెప్పవచ్చును. బడిలో ఆట నేర్చిన బాలుడు బంటును నిస్సంకోచముగ రెండు గడులు ముందునకు త్రోయును. రచ్చబండపై ఆట నేర్చిన వృద్ధుడు "గదేం ఎత్తు బిడ్డా?" అని చేయి అడ్డము పెట్టును. ఇద్దరిలో ఎవరిదియు తప్పు కాదు. బల్ల ఒక్కటే, పావులు ఒక్కటే, పేరు ఒక్కటే. వారాడుచున్నవి మాత్రము రెండు వేరు ఆటలు.

చదరంగము పుట్టుకచేతనే యుద్ధక్రీడ. రథ గజ తురగ పదాతులనెడి నాలుగు అంగముల సైన్యమును బల్లపై నిలుపుటచే దీనికి చతురంగమను పేరు వచ్చినది. తెలుగువారి బల్లపై రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రము, బంటు అను పేర్లు స్థిరపడినవి. బాన్సువాడ ప్రాంతమందలి బీర్కూరు వంటి మంజీరాతీర గ్రామములు 1948 వరకు నిజాము పాలనలో ఉండినవి. నాడు రాజభాష ఉర్దూ. కావున తెలంగాణములో ఈ తెలుగు పేర్ల సరసనే బాద్షా, వజీరు, ఘోడా, ప్యాదా అను పేర్లును నడిచినవి. ఆట ఒకచోటి నుండి మరియొకచోటికి పోవునపుడు మాటలు మారుట సహజము. మాటలతో పాటు నియమములును మారుచుండినవి.

ఈ సీమకు చదరంగము నిన్న మొన్న వచ్చినది కాదు. మంజీరానది బీర్కూరును చేరకముందు బీదరు జిల్లా గుండ ప్రవహించి వచ్చును. ఆ జిల్లాలోనే పడమటి చాళుక్యుల రాజధానియైన కల్యాణి, అనగా నేటి బసవకల్యాణము, ఉన్నది. అచట రాజ్యమేలిన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దపు పూర్వార్ధములో 'మానసోల్లాసము' అను సంస్కృత గ్రంథమును సంతరించెను. రాజులకు తగిన వినోదములను వర్ణించు ఆ గ్రంథమున చదరంగమునకును చోటు దొరికినది. అనగా తొమ్మిది వందల ఏండ్లకు పూర్వమే ఈ ఏటి పరిసరములలో చదరంగమునకు శాస్త్రగౌరవము లభించినది.

అయినను సామాన్య జనులు ఆటను గ్రంథములు చూచి నేర్వలేదు. తండ్రి కుమారునకును, మామ అల్లునకును, ఇరుగువాడు పొరుగువానికిని నేర్పిరి. నియమము నోటిలో ఉండెను. తగవు వచ్చినపుడు ఊరిలోని పెద్ద ఆటగాని మాటయే తీర్పు. అందుచే దేశమంతటికిని ఒకే నియమావళి ఏర్పడలేదు. 1913లో చదరంగ చరిత్రను బృహద్గ్రంథముగ ప్రకటించిన ఆంగ్ల పండితుడు హెచ్. జె. ఆర్. మర్రే భారతదేశములోని పలు పద్ధతులను సేకరించి అందు పొందుపరచెను. వానిలో వైవిధ్యమెంత ఉన్నను కొన్ని లక్షణములు పెక్కుచోట్ల సమానముగ కనబడును.

మొదటిది బంటు నడక. బంటు ఎప్పుడును ఒక్క గడియే కదలును. కొన్నిచోట్ల ఒకటి రెండు బంట్లకు మాత్రము మినహాయింపు కలదు. రెండవది రాజు రక్షణ. రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదలించి కోట కట్టుట పాత ఆటలో లేదు. దానికి బదులు, రాజు ఇంకను ఒక్క 'షా' అయినను ఎదుర్కొనకముందు, ఆట మొత్తములో ఒక్కమారు గుర్రపు నడక నడువవచ్చును. మూడవది బంటుకు లభించు పదవి. అవతలి అంచును చేరిన బంటు ఆటగాడు కోరిన పావుగ మారదు. ఏ నిలువు వరుసలో చేరెనో ఆ వరుసకు చెందిన పావుగనే మారును: ఏనుగు వరుసలో చేరినది ఏనుగు, గుర్రపు వరుసలో చేరినది గుర్రము. పెక్కుచోట్ల ఆ పావు అదివరకే చచ్చియుండవలెనను నిబంధన కూడ కలదు. నాలుగవది ఆట ముగింపు. ఎదుటివాని సైన్యమంతయు నశించి రాజొక్కడే మిగిలినచో, ఆటకట్టు కాకున్నను ఆట అంతటితో ముగియును. దానికి 'బుర్జు' అని పేరు. అది పూర్తి గెలుపు కాదు, సగము గెలుపు.

నియమము ఒక్కటి మారినను ఆట స్వభావమంతయు మారుననుటకు బంటు నడకయే నిదర్శనము. ఐరోపావారు ఆటకు వేగము కలిగించుటకై బంటుకు మొదటి ఎత్తున రెండు గడుల నడక ఇచ్చిరి. అంతట ఒక చిక్కు వచ్చినది. ఒక్కొక్క గడి నడిచియున్నచో శత్రువు బంటుకు చిక్కవలసిన బంటు, రెండు గడులు దుమికి తప్పించుకొనిపోవుచున్నది. ఆ అన్యాయమును సరిదిద్దుటకు, అట్లు దాటిపోయిన బంటును మరుసటి ఎత్తుననే దారిలో చంపవచ్చునను మరియొక నియమమును చేర్చిరి. దేశీయ పద్ధతిలో మొదటి నియమము లేదు. కనుక రెండవదాని అవసరమును లేదు. పాత ఆటలో సైన్యములు మెల్లగ వ్యూహము తీర్చుకొనును. కొన్నిచోట్ల ఆ ఆలస్యమును తగ్గించుటకు ఆరంభమున ఇరుపక్షములవారును కొన్ని ఎత్తులు ఒక్కమారుగ వేసికొను అలవాటు కూడ ఉండెను. కొత్త ఆటలో రెండవ ఎత్తునకే పోరు మొదలుకావచ్చును.

ఆంగ్లేయుల రాకతో వారి నియమములును వచ్చినవి. ఆ మార్పును తొలుత గ్రహించినవారిలో తిరువేంగడాచార్య శాస్త్రి అను పండితుడొకడు. పూర్వము తాను సంస్కృతమున రచించిన చదరంగ గ్రంథమును ఆయన ఐరోపా పద్ధతికి అనుగుణముగ సవరించి, ఆంగ్లానువాదముగ 1814లో బొంబాయిలో ప్రకటించెను. తన విద్యను కొత్త నియమముల భాషలోనికి మార్చి చెప్పుటకు ఒక సంప్రదాయ పండితుడు పడిన శ్రమకు ఆ పుస్తకము సాక్ష్యము. తరువాత కొలదికాలమునకే మద్రాసు, హైదరాబాదు నగరముల నడుమ రెండు ఆటల పోటీ జరిగెను. ఆ ఆటలు 1829లో మద్రాసున అచ్చయిన గులాం కాసిం, జేమ్స్ కాక్రేనుల గ్రంథమున చేరినవి. ఆ గ్రంథము ముఖ్యముగ ముజియో గాంబిట్ అను దాడిని విమర్శించునది. ఆ దాడికి రెండడుగుల బంటు, కోట అను రెండును మూలాధారములు. దేశీయ నియమములలో దానికి తావే లేదు. అనగా 1829 నాటికే హైదరాబాదు పేరు కొత్త ఆట చరిత్రకు ఎక్కినది. కాని నగరమునకు వచ్చినది పల్లెకు వచ్చుటకు మరియొక నూరేండ్లకు పైగ పట్టినది.

నియమము మారుట రాజ్యము మారుటతో ముడిపడి యుండుటను సత్యజిత్ రే ఒక చలనచిత్రమున చూపెను. ప్రేమ్‌చంద్ కథ ఆధారముగ 1977లో ఆయన తీసిన 'షత్రంజ్ కే ఖిలాడీ' 1856 నాటి లక్నోలో నడుచును. కంపెనీవారు అవధ్ రాజ్యమును హరించుచుండగా ఇద్దరు జాగీర్దారులు బల్లమీది రాజ్యములకై పోరుచుందురు. కడపట దేశము చేజారిన పిమ్మట వారు పావులను తిరిగి పేర్చుకొని ఆంగ్ల పద్ధతిలో ఆటకు ఉపక్రమింతురు.

అయితే ఈ కథలో పాతవారు పోగొట్టుకొనుటయే కాక, ఇచ్చినదియు కలదు. 19వ శతాబ్దపు మధ్యకాలమున కలకత్తాలో జాన్ కాక్రేను అను స్కాట్లండు ఆటగాడు మహేశచంద్ర బెనర్జీ అను వంగదేశీయునితో వందలకొలది ఆటలాడెను. దేశీయ పద్ధతిలో ఆరితేరిన మహేశచంద్రుడు కొత్త నియమములు నేర్చెనుగాని పాత అలవాటును పూర్తిగ విడువలేదు. ఆరంభమున బంట్లను ఒక్కొక్క గడియే జరుపుచు, శకటును మూలను నిలిపి దూరము నుండి శత్రువు నడిమి వ్యూహమును పరీక్షించుచుండెడివాడు. ఆనాటి ఐరోపా ఆటగాండ్రకు అది వింతగ తోచినది. కాని తరువాతి కాలమున ఆ తీరు ఆరంభములు శాస్త్రములో పేరెన్నిక గన్నవి. నేటికిని వానిని లోకమంతట 'ఇండియన్ డిఫెన్స్' అనియే వ్యవహరించుచున్నారు. ఒక్కడుగు బంటు నేర్పిన ఓర్పు రెండడుగుల ఆటకు సంపద అయినది.

పాత నియమములలో పెరిగి కొత్త నియమములలో వెలిగినవారిలో అగ్రగణ్యుడు మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబున పుట్టి బాల్యమున తండ్రి యొద్ద దేశీయ చదరంగము నేర్చిన ఈయన, యౌవనమున సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆశ్రయములో ఐరోపా పద్ధతిని అభ్యసించెను. 1928లో అఖిల భారత విజేత అయ్యెను. 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేత అయ్యెను. 1930-31 హేస్టింగ్సు పోటీలో ప్రపంచ మాజీ విజేత కాపాబ్లాంకాను ఓడించెను. ఇంత ప్రతిభావంతునకును ఆట ఆరంభములు కడవరకు బలహీనముగనే ఉండెనని విమర్శకులు చెప్పుదురు. పుస్తకములు చదివి పెరిగిన ప్రత్యర్థులు మొదటి పది ఎత్తులలో ఆయనను ఇరుకున పెట్టెడివారు. ఆయన మధ్యభాగమున, అంత్యభాగమున నెమ్మదిగ తప్పించుకొని గెలిచెడివాడు. 1933లో స్వదేశమునకు మరలి, పిమ్మట పోటీలకు దూరమై, 1966లో మరణించెను. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆయనకు 2024లో గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదమును ప్రకటించినది.

స్వాతంత్ర్యానంతరము నియమములకు దేశవ్యాప్తమైన ఏకత అవసరమైనది. అఖిల భారత చదరంగ సమాఖ్య 1951లో ఏర్పడినది. తొలి జాతీయ పోటీ 1955లో జరిగినది; జరిగిన స్థలము తెలుగునాటి ఏలూరు. విజేతలుగ రామచంద్ర సప్రే, డి. వెంకయ్య సమానముగ నిలిచిరి. అప్పటికి ఆంధ్రప్రదేశము ఏర్పడలేదు. ఏలూరు ఆంధ్ర రాష్ట్రమున, బీర్కూరు హైదరాబాదు రాష్ట్రమున ఉండినవి. 1961లో మాన్యుయెల్ ఆరన్ ఇంటర్నేషనల్ మాస్టరు బిరుదము పొందిన తొలి భారతీయుడయ్యెను. అంతర్జాతీయ పద్ధతిని, ఆరంభముల అధ్యయనమును దేశమున ప్రచారము చేసినవారిలో ఆయన ముఖ్యుడు. 1960వ దశాబ్ది వరకు భారతదేశమున పెక్కుచోట్ల దేశీయ నియమములతోనే ఆట సాగుచుండెను. ఆ దశాబ్దిలో ఇరువది ఏండ్లవారు నేడు ఎనుబదికి చేరువైనవారు, లేదా దాటినవారు. వారి చేతివ్రేళ్లలో ఉన్నది ఒక ఆట. వారి మనుమలు పోటీలలో ఆడుచున్నది మరియొక ఆట.

వృద్ధుడు కొత్త నియమమును నేర్వలేకపోవుట బుద్ధిమాంద్యమా? కాదనుటకు శాస్త్రప్రమాణము కలదు. డచ్చి దేశపు మనశ్శాస్త్రవేత్త అడ్రియాన్ డి గ్రోట్ 1946లో ప్రకటించిన పరిశోధనను, 1973లో అమెరికాకు చెందిన ఛేజ్, సైమన్ అను శాస్త్రజ్ఞులు ముందునకు నడపిరి. నిజమైన ఆటలోని స్థితిని కొన్ని సెకండ్లపాటు మాత్రమే చూపినను, గట్టి ఆటగాడు పావులను దాదాపుగ తిరిగి పేర్చగలడు. కొత్తవాడు కొన్నింటిని మాత్రమే పేర్చును. కాని పావులను అర్థము లేకుండ చెదరగొట్టి చూపినచో గట్టి ఆటగానికిని కొత్తవానికిని భేదము చాలవరకు అంతరించును. దీనివలన తేలినదేమి? నిపుణుడు జ్ఞాపకముంచుకొనునది విడివిడి పావులను కాదు; వాని నడుమ నియమము అల్లిన సంబంధములను.

ఈ సత్యమును ముదిసిన ఆటగానికి అన్వయించి చూడవలెను. ఏబది ఏండ్ల ఆటలో ఆయన మనస్సున వేలకొలది ఆకృతులు నిలిచియున్నవి. ఏనుగు వరుసలోని బంటును చూడగనే రేపటి ఏనుగు ఆయన కంటికి కనబడును. కొత్త నియమములో అదే బంటు రేపటి మంత్రి. మూలనున్న రాజు గుర్రపు నడకతో దుముకునని ఆయన చేయి ఎదురుచూచును. కొత్త నియమములో ఆ దారి లేదు. నియమము ఒక్క వాక్యములో మారును; ఆ వాక్యముపై కట్టుకొన్న జ్ఞానమంతయు పునాది కదలిన ఇల్లగును. పసివాడు ఖాళీ నేలపై కట్టుకొనుచున్నాడు. వృద్ధుడు కూల్చి కట్టుకొనవలసియున్నాడు. అందుచే ఆయన ఆలస్యము చేయును, తడబడును, కొన్నిమార్లు కోపగించును.

ఇట్టి కష్టము ఈ దేశమునకే పరిమితము కాదు. అరబ్బు దేశములలో అస్సూలీ వంటి మహానిపుణులు 10వ శతాబ్దమున పాత చదరంగమునకు గొప్ప శాస్త్రము నిర్మించిరి. ఆ ఆటలో మంత్రి మూలగ ఒక్క గడి మాత్రమే నడిచెడి బలహీనుడు. 15వ శతాబ్దపు చివర స్పెయిను, ఇటలీ ప్రాంతములలో మంత్రి స్థానమున రాణి ఎల్లదిక్కుల దూసికొనిపోవు శక్తిని పొందెను. దానితో పాత శాస్త్రము చాలవరకు నిరుపయోగమైనది. స్పెయినులోని సలమాంకాలో 1497లో అచ్చయిన లుసేనా గ్రంథము ఈ సంధికాలమునకు చెందినది. అందలి 150 సమస్యలలో కొన్ని పాత పద్ధతివి, కొన్ని కొత్త పద్ధతివి. లుసేనా పాతవానిని త్రోసిపుచ్చక, రెండింటిని వేరుగ గుర్తించి ఒకే సంపుటమున నిలిపెను. అట్లు వ్రాసియుంచుటచేతనే ఆ పాత ఆటను నేడును ఆడి చూడవచ్చును.

చదరంగము నుండియే పుట్టిన బల్లమీది యుద్ధక్రీడల గతియు ఇదే. 1780లో జర్మనీలోని బ్రన్‌స్విక్కున హెల్విగ్ అను గణితజ్ఞుడు చదరంగపు బల్లను పెంచి యుద్ధక్రీడగ మార్చెను. 1824లో రైస్విట్జ్ రూపొందించిన క్రీడను ప్రష్యా సైన్యము శిక్షణకు వాడినది. 1913లో హెచ్. జి. వెల్స్ బొమ్మ సైనికుల ఆటకు నియమములు వ్రాసెను. 1987లో ఇంగ్లండున వెలువడిన 'వార్‌హామర్ 40,000' అను క్రీడకు 2023లో పదియవ కూర్పు వచ్చినది. ప్రతి కూర్పునను సైనికుల బలాబలములు మారును. చేతితో రంగులు వేసి పేర్చుకొన్న సేన అల్మారాలోనే ఉండును. దానిని నడుపు శాస్త్రము మాత్రము మరల మొదటి నుండి చదువవలెను.

ఒకమారు మారిన నియమములు అచటనే నిలుచుననుకొనుటయు పొరపాటు. కొత్త పద్ధతినే నేర్చి పోటీలాడినవారు కూడ మార్పుల వెంట పరుగిడవలసి వచ్చినది. ఆంగ్ల పుస్తకములలో ఎత్తులను వ్రాయు పాత సంకేతములను అంతర్జాతీయ సమాఖ్య 1981 తరువాత పోటీలలో గుర్తింపలేదు. నాటివరకు అలవాటైన వ్రాతను మాని, గడులకు అక్షరమును, అంకెను జతచేయు వ్రాతకు మారవలసి వచ్చినది. ముగియని ఆటను మరునాటికి వాయిదా వేయు ఆచారము, గణనయంత్రములు బలపడిన పిమ్మట, 1990వ దశాబ్దిలో అంతరించినది. 1980వ దశాబ్ది చివర బాబీ ఫిషరు రూపొందించిన గడియారము ప్రతి ఎత్తునకు కొన్ని సెకండ్లు చేర్చు పద్ధతిని తెచ్చినది. 2014లో మరియొక నియమము చేరినది: 75 ఎత్తులవరకు బంటు కదలక, పావు చావక ఉన్నచో ఎవరును కోరకున్నను ఆట సమమగును. నేటి యువకుడే రేపటి వృద్ధుడు. ఆయన నేర్చిన దేదో ఒకటి ఆయన కండ్లముందే పాతబడును.

నియమములు ఏకమగుట వలన కలిగిన మేలును కాదనరాదు. ఆ ఏకత లేనిచో గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ విజేత కాజాలదు. వరంగల్లు బాలుడు ఎరిగైసి అర్జున్ 2018లో గ్రాండ్‌మాస్టరు కాజాలడు. బీర్కూరు బాలికయు, మాస్కో బాలికయు భాష తెలియకున్నను ఒకరి ఎదుట ఒకరు కూర్చుండి ఆడగలుగుట చిన్న విషయము కాదు. కనుక బడిలో అంతర్జాతీయ నియమములే నేర్పవలెను. అందు సందేహము లేదు.

సందేహమెల్ల మిగిలిన దానిని గూర్చి. పాటకు గాయకుడొక్కడు మిగిలినను అది వినబడును. ఆటకు ఇద్దరు కావలెను. నియమమనగా ఇద్దరి నడుమ ఒడంబడిక. అందొకరు పోయిన నాడు రెండవవాని తలలో ఎంత విద్య ఉన్నను అది ఆట కాదు. ముదిసిన ఆటగాడు కోల్పోవుచున్నది నైపుణ్యమును కాదు, జోడును. తన ఈడువారు ఒక్కొక్కరే వెడలిపోగా, పిల్లలతో ఆడబోయిన ప్రతి మారును తాను తప్పులవాడగుచున్నాడు. కొంతకాలమునకు "నాకు ఆట రాదు" అని తానే చెప్పి పావులను పెట్టెలో పెట్టును. ఆ పెట్టెతో పాటు ఆ ఊరి పద్ధతియు మూతపడును.

దీనికి ఉపాధ్యాయులు, విద్యార్థులు చేయగల పని కలదు. ఖర్చు లేనిది, కష్టము లేనిది. ఊరిలో పాత పద్ధతి ఎరిగిన పెద్దలను ఒక సెలవునాడు పిల్లలు కలిసికొని కొన్ని ప్రశ్నలు అడుగవలెను. రాజులు ఎదురెదురుగ నిలుతురా, ఒకరి రాజునకు మరియొకరి మంత్రి ఎదురుగ నిలుచునా? ఏ బంటుకైనను రెండడుగుల మినహాయింపు కలదా? రాజు గుర్రపు నడక ఎప్పటివరకు చెల్లును? బంటు ఏ వరుసలో ఏమగును? రాజునకు షా లేదు, కదలుటకు గడియు లేదు. అపుడు ఆట ఏమగును? 'షా'కును, ఆటకట్టునకును ఆ ఊరి మాటలేవి? ఈ సమాధానములను పెద్దవారు చెప్పినది చెప్పినట్లు, ఊరి పేరుతోను, సంవత్సరముతోను నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. ఒక ఊరికిని ప్రక్క ఊరికిని సమాధానములు కుదరకపోవచ్చును. కుదరకుండుటయే అందలి విలువ.

వ్రాసికొనుటతో పని ముగియదు. అదే బల్లపై రెండు ఆటలు ఆడవలెను: ఒకటి తాత నియమముతో, ఒకటి బడి నియమముతో. మొదటి ఆటలో మనుమడు తడబడును. బంటును రెండు గడులు త్రోసి నాలుక కరచుకొనును. రెండవదానిలో తాత తడబడును. తానును తడబడిన పిమ్మట ఆ బాలుడు తాత ఆలస్యమును చూచి నవ్వడు. వ్యాకరణమున గాని, గణితమున గాని నియమములు ఎట్లు పుట్టునో, ఒకదానిని మార్చిన మిగిలినవి ఎట్లు కదలునో బోధించుటకు ఇంతకన్న సులభమైన పాఠము తరగతి గదిలో దొరకుట అరుదు. ఇక తాతకు దొరకునది పాఠము కాదు, జోడు. ఆయన ఆటను ఆయన నియమములతో ఆడుటకు ఎదుట మరల ఒక మనిషి కూర్చుండును.